కంచె అవతలి ట్రక్కు

డ్రైఫోర్క్, టెక్సస్
అక్టోబరు 12, 1998

ప్రియమైన గ్యారెట్,

ఫిబ్రవరిలో మీ నాన్న సమాధి దగ్గర నీ చెయ్యి పట్టుకున్నాక మళ్ళీ నీతో మాట్లాడింది లేదు. తప్పు నాదే. నీ చిరునామా మీ అమ్మ ఇచ్చింది. బడి వంటింట్లో బీన్స్ కలుపుతూనే చేతులు తుడుచుకునే కాగితం మీద రాసిచ్చింది. ఆ మరక బీన్స్‌దో, ఇంటి నంబరులో సున్నానో తెలియక రెండు రోజులు తిరగేసి చూశాను.

మన బడి ఫుట్‌బాల్ జట్టు మ్యూల్స్ ఈ ఏడు ఆరు ఆటలాడి ఐదు గెలిచారు. ఉన్నది ఎనిమిది మంది. ఆరుగురు మైదానంలో, ఇద్దరు బెంచీ మీద. ఒకడు తుమ్మితే నాకు జ్వరం వస్తుంది. నవంబరు 13 శుక్రవారం మొదటి నాకౌట్ ఆట. దానికి ముందురోజు మన ఆచారం నీకు తెలుసు. చర్చి హాల్లో భోజనాలు, ఆ తరవాత తండ్రులు కొడుకులకి రాసిన ఉత్తరాలు. ఎవరి కవరు వాళ్ళ చేతిలో పెడతాను, ఎవరిది వాళ్ళు చదువుకుంటారు. లేన్‌కి రాయడానికి తండ్రి లేడు. పెద్దన్నవి నువ్వు రాయాలి.

దాచకుండా చెబుతాను. మీ తమ్ముడి సంగతి బాగాలేదు. ఆట అవగానే రెండు జట్లూ మైదానం మధ్య మోకరిల్లి ప్రార్థన చేస్తాయి కదా, వీడు మోకరిల్లడం లేదు. హెల్మెట్ కూడా తీయకుండా గుంజలా నిలబడుతున్నాడు. ఎనిమిది మందిలో ఒకడు నిలబడితే ఊరంతటికీ కనిపిస్తాడు. బడి బోర్డులో ఇద్దరు పెద్దమనుషులు నన్ను ఆపి, ఆ కుర్రాణ్ణి నాకౌట్‌లో ఆడించాలా అని అడిగారు. ఏడుగురితో ఆడమంటారా అన్నాను. ఆడు అన్నారు.

వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. వాడి మనసు మెత్తబడేలా నాలుగు మాటలు రాయి. నాన్న పైనుంచి చూస్తున్నాడని రాయి. మీ నాన్న నీకు రాసిన ఉత్తరం గుర్తు చేసుకో. 'కంచె అవతల ట్రక్కులో, లైట్లు ఆర్పుకుని, నీ ప్రతి ఆటా చూశాను' అన్న మాట చదివిన మర్నాడు నువ్వెలా ఆడావో ఈ ఊరు ఇంకా చెప్పుకుంటుంది. మాటకి అంత బలం ఉంది, నాయనా.

నీ కోచ్,
బర్ల్ హాన్షా


ఒడెస్సా దగ్గర, పైపుల యార్డు
అక్టోబరు 17

కోచ్ గారికి,

రాయను. ముందే చెప్పేస్తే మిగతాది చదివే శ్రమ మీకు తప్పుతుంది.

మొన్న ఇక్కడ ముప్పై అడుగుల పైపు ఎత్తుతుంటే గొలుసు జారింది. పైపు నా పక్కవాడి బూటుకి జానెడు దూరంలో పడింది. ఫోర్‌మన్ టోపీ తీసి, దేవుడు కాపాడాడు అన్నాడు. ఆ గొలుసు మార్చమని మూడు వారాలుగా కాగితాలు పెడుతున్నాం. దేవుడికి అందినట్టున్నాయి, ఆఫీసుకే అందలేదు. మీ ఉత్తరం చదివితే ఆ ఫోర్‌మన్ గుర్తొచ్చాడు. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోండి.

నేను కాలేజీ మొహం చూడలేదు. లైబ్రరీ వాళ్ళు పారేసే పాత పుస్తకాలు తెచ్చుకుని, భోజనం వేళ పైపుల మీద కూర్చుని చదువుతాను. మీ చర్చిలో ప్రతి బెంచీ వెనకా ఉండే ఆ గ్రంథం కూడా మొదటినుంచి చివరిదాకా చదివాను. మీ బోర్డు పెద్దమనుషులు చదివారేమో అడగండి. దేవుడితో నిలబడి వాదించినవాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. వాళ్ళనెవరూ బెంచీ మీద కూర్చోబెట్టలేదు.

మోకరిల్లడం తప్పని నేననను. నాలుగేళ్ళు మీ పక్కన మోకరిల్లినవాణ్ణి. మోకాళ్ళకి గడ్డి గుచ్చుకుంటుంటే, ఎదుటి జట్టువాడి చెమట నా భుజానికి అంటుతుంటే, అది నాకు నిజంగా ప్రార్థనే. వాడికది ఇప్పుడు రావడం లేదు. వాడి తండ్రి యాభై రెండేళ్ళకి పత్తి దుమ్ములో గుండె ఆగి పడిపోయాడు. వాడు దేవుడితో మాటలు మానేశాడు. అది వాళ్ళిద్దరి మధ్య సంగతి. మధ్యలోకి బోర్డు ఎందుకొచ్చింది? చచ్చిపోయిన నాన్నని తాడులా పేని వాడి కాళ్ళకి కట్టి కిందికి లాగమని నన్ను అడుగుతున్నారా?

ఇంకొక్కటి. నాన్న ఉత్తరాన్ని ఆ గురువారం హాల్లో విప్పకుండా తీసుకెళ్ళి, బట్టలు మార్చుకునే గదిలో గోడకి తిరిగి చదువుకున్నాను. మడిచి బూటులో పెట్టుకున్నాను. ఆరేళ్ళలో దాన్ని ఎవరికీ చూపలేదు. అమ్మకి చూపలేదు. లేన్‌కి చూపలేదు. అందులోని మాట మీకెలా తెలుసు?

గ్యారెట్ స్టోవాల్


డ్రైఫోర్క్
అక్టోబరు 24

ప్రియమైన గ్యారెట్,

నీ కోపం నాకు కొత్త కాదు. పదిహేనేళ్ళప్పుడు అంపైర్ ఈల లాక్కుని పత్తి చేలోకి విసిరినవాడివి. ఆ ఈల ఇప్పటికీ దొరకలేదు.

నిన్న బయటి ఊళ్ళో ఆడి గెలిచాం. విరామం కాగానే నలభై ఐదు పాయింట్ల తేడా వచ్చింది, రూలు ప్రకారం ఆట అక్కడితో ఆపేశారు. లేన్ మూడుసార్లు బంతిని గీత దాటించాడు. మీ అమ్మ పీచ్ పండ్ల కాబ్లర్ చేసి బస్సులోకి పంపింది. నేను బస్సు తోలుతుంటే వెనక మొత్తం తినేసి నాకు గిన్నె ఇచ్చారు. ఆట అయ్యాక లేన్ మళ్ళీ నిలబడే ఉన్నాడు. ఎదుటి జట్టు కోచ్ నా వంక చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

నువ్వడిగింది ఎప్పటి మాటో. మీ నాన్నే ఎప్పుడైనా నాతో అని ఉంటాడు. చిన్న ఊరు, మాటలు తిరుగుతుంటాయి. దాని గురించి ఆలోచించకు. ఉత్తరం గురించి ఆలోచించు. ఇంకా మూడు వారాలుంది.

బర్ల్ హాన్షా


పైపుల యార్డు
అక్టోబరు 28

కోచ్ గారికి,

మా నాన్న మీతో అన్నాడా? డోయల్ స్టోవాల్? పాస్టర్ ఇంటికొస్తే వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయి ట్రక్కు బాగుచేస్తున్నట్టు కింద పడుకునే మనిషి, తన మనసులో మాట మీకు చెప్పాడా?

నిన్న పని చేస్తూ చేస్తూ ఆగిపోయాను. వెనకవాడు తిట్టాడు. నాకొక సంగతి తట్టింది. ఆ ఉత్తరం ఇచ్చిన ఏడు జిన్నింగ్ మిల్లులో నాన్నకి సాయంత్రం షిఫ్టు. బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర ఆయన ఒక్కడే. ఆయన కదిలితే మిల్లు ఆగుతుంది. పోనీ ఎలాగో వచ్చాడనుకుందాం. దేంట్లో వచ్చాడు? శుక్రవారం ట్రక్కు నా దగ్గరుండేది. ఊళ్ళో ఆటైతే నేనే దాన్ని మైదానం పక్కన పెట్టేవాణ్ణి. బయటి ఊరైతే బడి దగ్గర, మీ బస్సు ఎక్కే చోట. తాళంచెవి నా బూటులో ఉండేది. ఆ ఉత్తరం కూడా అదే బూటులో పెట్టుకున్నాను, కోచ్. రెండూ ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి, నాకు తట్టలేదు. ఆరేళ్ళు తట్టలేదు. అంతగా నమ్మాలనుకున్నాను.

ఆ శనివారం పొద్దున వంటింట్లో, ఉత్తరానికి థాంక్స్ నాన్నా అన్నాను. ఆయన గుడ్డు నములుతున్నాడు. కాసేపాగి 'ఊఁ, తిను' అన్నాడు. ఆ ఒక్క 'ఊఁ' నాకు ఇన్నాళ్ళూ సరిపోయింది.

అది మీరే రాశారా? ఔననో కాదనో రాయండి. ఆట పాయింట్లు వద్దు. కాబ్లర్ వద్దు.

గ్యారెట్


డ్రైఫోర్క్
నవంబరు 2

గ్యారెట్,

ఔను. నేనే రాశాను.

మూడుసార్లు మిల్లుకి వెళ్ళి మీ నాన్నని అడిగాను. మూడోసారి ఆయన, వాడితో చెప్పాల్సిందేమైనా ఉంటే బల్ల దగ్గరే చెబుతాను, వాడు మా ఇంట్లోనే తింటున్నాడు అన్నాడు. గురువారం మధ్యాహ్నానికి నా దగ్గర తొమ్మిది మంది కుర్రాళ్ళున్నారు, ఎనిమిది కవర్లున్నాయి. బడిలో బట్టలుతికే గదిలో యంత్రం మీద కాగితం పెట్టి, మిల్లులో వాడే పెన్సిల్ లాంటిది తెచ్చి, పెద్ద అక్షరాల్లో రాశాను. యంత్రం అదురుతుంటే చెయ్యి కదిలిపోయింది. అప్పుడు అక్షరాలు పనివాడి అక్షరాల్లాగే వచ్చాయి.

నువ్వు మొదటివాడివి కావు. పంతొమ్మిదేళ్ళలో పద్నాలుగు మందికి రాశాను. తాగి పడి ఉన్న తండ్రులకి, జైల్లో ఉన్న తండ్రులకి, ఉన్నా లేనట్టుండే తండ్రులకి బదులు రాశాను. అందరూ చదువుకుంటుంటే ఒక్కడు ఖాళీ చేతులతో కూర్చోవడం నువ్వు చూడలేదు, నేను మొదటి ఏడు చూశాను. వాడు పళ్ళెం వంకే చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ అది చూడకూడదనుకున్నాను. దేవుడు నన్ను దీనికి శిక్షిస్తాడేమో. శిక్షించనీ. సిగ్గుపడమంటే మాత్రం పడలేను.

ఇంకోటి చెప్పాలి. ఇది ఇన్నాళ్ళూ దాచాను.

ఆ శనివారం మీ నాన్న ఉతుకు గదికి వచ్చాడు. కనుబొమ్మల మీద ఇంకా పత్తి నూగు ఉంది. వాడు నాకు థాంక్స్ చెప్పాడు, దేనికో నాకు తెలీదు అన్నాడు. కొడతాడనుకున్నాను. జరిగింది చెప్పాను. ఆయన యంత్రంలో తిరుగుతున్న చొక్కాల వంక చూశాడు. తరవాత అన్నాడు:

"మొత్తం చెప్పు. వాడడిగితే నాకు తెలిసుండాలి కదా. నేనేం చెప్పాను వాడికి?"

గుర్తున్నదంతా చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. పెదవులు కదుపుతూ విన్నాడు, బళ్ళో పిల్లాడు పద్యం బట్టీ పట్టినట్టు. వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ట్రక్కు సంగతి బాగుంది."

ట్రక్కు నీ దగ్గరుండేదని నాకు అప్పుడు తట్టలేదు. ఆయనకి తట్టే ఉంటుంది. అయినా ఏమీ అనలేదు.

లేన్ కోసం నా బల్ల మీద నీ పేరుతో మూడు వాక్యాలు రాసి పెట్టుకున్నాను. నువ్వు రాయకపోతే అది పూర్తి చేస్తాను. బోర్డు వాళ్ళు మళ్ళీ వచ్చారు. వాడు మోకరిల్లితే ఆడతాడు. నాకు వేరే దారి కనిపించడం లేదు.

బర్ల్ హాన్షా


పైపుల యార్డు
నవంబరు 7

కోచ్ గారికి,

మీ ఉత్తరం భోజనం వేళ చదివాను. ఆ తరవాత భోజనం చేయలేదు.

మీ మీద అరవాలని రెండు కాగితాలు నింపాను. అవి బాగానే వచ్చాయి. నాన్న గుమ్మంలో ఆగిన చోటికొచ్చేసరికి మిగతావన్నీ పనికిరాకుండా పోయాయి. చించేశాను. మీరు రాసిన ఆ పాత ఉత్తరం కూడా చించేశాను. కాబట్టి అది నన్ను కదిలిస్తుందని ఇక ఎవరికీ చెప్పకండి.

సిగ్గుపడనన్నారు. సరే. పద్నాలుగు మంది ఖాళీ చేతులు మీకు కనిపించాయి, అది నిజమే. కాని మీరు ఆ చేతుల్లో పెట్టిందాని వల్ల నేను మర్నాడు విరిగిన వేలితో ఆడాను, కంచె వంక చూసుకుంటూ. ఇప్పుడు కూడా పైపులు ఎత్తేటప్పుడు ఒక్కోసారి కంచె వంక చూస్తాను. ఇక్కడి కంచె అవతల ఇసుక తప్ప ఏమీ లేదు.

లేన్‌కి ఉత్తరం దీంతో పెడుతున్నాను. కవరుకి పైపుల టేపు చుట్టాను. విప్పితే తెలుస్తుంది. మూడు పనులు చెయ్యండి. నా పేరుతో రాసిన ఆ మూడు వాక్యాలు పొయ్యిలో పడేయండి. ఇది విప్పకుండా వాడికివ్వండి. గురువారం అందరూ కవర్లు విప్పక ముందు లేచి నిలబడి, మీరేం చేస్తూ వచ్చారో ఆ కుర్రాళ్ళకి మీ నోటితో చెప్పండి. తమ చేతిలో ఉన్నది ఎవరు రాసిందో తెలుసుకునే హక్కు వాళ్ళకుంది.

బోర్డు సంగతంటారా, వాడు మీ జట్టు, వాళ్ళ జట్టు కాదు. పంతొమ్మిదేళ్ళుగా కుర్రాళ్ళని ధైర్యంగా ఉండమని చెబుతున్నారు. ఒక శుక్రవారం మీరూ ఉండి చూడండి.

గ్యారెట్


(టేపు చుట్టిన కవరులో)

లేన్,

ఇది నేనే రాశాను. అనుమానముంటే మూల చూడు, గ్రీజు మరక. నీ పక్కనవాళ్ళు ఇప్పుడు ఏడుస్తుంటారు. నీకు ఏడుపు రాకపోతే బీన్స్ తిను.

నాన్న పైనుంచి చూస్తున్నాడని రాయమన్నారు. చూస్తున్నాడో లేదో నాకు తెలీదు. తెలుసన్నట్టు మాట్లాడేవాళ్ళకీ తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే ఉంది, అది కూడా మొన్ననే తెలిసింది. నాకు పదిహేడేళ్ళప్పుడు కోచ్ నాన్న పేరుతో ఒక ఉత్తరం రాసి నాకిచ్చాడు. ట్రక్కులో లైట్లు ఆర్పుకుని నా ఆటలన్నీ చూశాడని అందులో ఉంది. నాన్న ఒక్క ఆట కూడా చూడలేదు. నేను ఆయనకి థాంక్స్ చెప్పాను. అప్పుడాయన నిజం చెప్పేయొచ్చు. చెప్పలేదు. కోచ్ దగ్గరికెళ్ళి, నేనేం చెప్పాను వాడికి అని అడిగి, ఆ మాటలన్నీ రెండుసార్లు చెప్పించుకుని నేర్చుకున్నాడు. నేనెప్పుడైనా అడిగితే తప్పు చెప్పకూడదని. నేను ఎప్పుడూ అడగలేదు.

మాట పెగలని మనిషి అంతకన్నా ఏం చెయ్యగలడో నాకు తెలీదు. ఆయన మీద నాకు కోపం పోలేదు. కోపంతోనే రాస్తున్నాను.

ఇక నీ సంగతి. మోకరిల్లాలనిపిస్తే మోకరిల్లు. బోర్డు కోసం వద్దు, కోచ్ కోసం వద్దు, నాన్న కోసం అసలే వద్దు. నిలబడాలనిపిస్తే నిలబడు. కాని హెల్మెట్ తీసి నిలబడు. మొహం కనబడాలి. ఆ ఇనప జాలీ వెనక దాక్కుని నిలబడితే నువ్వు భయపడ్డావనుకుంటారు, నీకు భయం లేదని నాకు తెలుసు.

శుక్రవారం సెలవడిగాను. ఫోర్‌మన్ ఇవ్వనన్నాడు. అయినా వస్తున్నాను. నాన్న ట్రక్కు ఇప్పుడు నా దగ్గరుంది కదా, కంచెకి ఆనించి పెడతాను. లైట్లు వేసి ఉంచుతాను. ఎవడైనా ఆర్పమంటే వాడితో నేను మాట్లాడతాను.

మీ అన్న


డ్రైఫోర్క్
నవంబరు 16

అన్నా,

ముందు ఇది చెప్పాలి. మూడో భాగంలో నేను బంతి జారవిడిచింది నీ వల్లే. నీ దిక్కుమాలిన లైట్లు సరిగ్గా నా కళ్ళలో పడ్డాయి. ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆ ఆరూ నీవే. ఊళ్ళో అందరికీ అదే చెబుతున్నాను, అమ్మ నమ్మింది.

ఆట అవగానే నాతో ట్రక్కులో పదినిమిషాలు కూర్చుని వెళ్ళిపోయావు. అందుకని నువ్వు చూడనివి రాస్తున్నాను.

గురువారం కోచ్ లేచాడు. చేతిలో కవర్లున్నాయి. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పద్నాలుగు మందికి తనే రాశానని చెప్పాడు. ఈ ఏడు ఒక్కటి కూడా రాయలేదని, మొదలుపెట్టిన ఒకటి పొయ్యిలో వేశానని చెప్పాడు. హాల్లో ఎవరూ నమలడం లేదు. ఆ మూల బెంచీ మీద కూర్చునే టకర్ లేడూ, వాడు మా అన్నకి కూడా మీరే రాశారా అని అడిగాడు. నువ్వు బీన్స్ తినరా అన్నాడు కోచ్. రాశాడన్నమాట. టకర్ అంతా తినేసి నావి కూడా తిన్నాడు.

బోర్డు పెద్దమనుషులిద్దరూ గీత పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చోవడం నువ్వు చూసే ఉంటావు. కోచ్ నన్ను మొదటి నిమిషంనుంచి చివరిదాకా ఆడించాడు. ఆఖర్న అందరూ మోకరిల్లారు. నాకు ప్రార్థన ఇంకా రాలేదు, అన్నా. హెల్మెట్ తీసి నిలబడ్డాను. చెమట మీద గాలి తగిలి చలేసింది. ఊరంతా నా మొహం చూసింది, నేనూ వాళ్ళ మొహాలు చూశాను. కోచ్ వచ్చి నా పక్కన నిలబడ్డం నీకు కనిపించే ఉంటుంది. ఏం మాట్లాడుకున్నారో నీకు వినిపించి ఉండదు. ఆ పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చి, నువ్వేమిటి బర్ల్, నువ్వు కూడానా అన్నాడు. కోచ్ ఆయన వంక చూడకుండా అన్నాడు:

"మోకాళ్ళు నొప్పండీ."

పొద్దున ఆ మోకాళ్ళతోనే మాతో మైదానం చుట్టూ పరిగెత్తాడు. మళ్ళీ అబద్ధమే. నాకు నవ్వొచ్చింది. ఫిబ్రవరి తరవాత ఈ మైదానంలో నాకు నవ్వు రావడం అదే మొదటిసారి.

ఇవాళ ఆయన్ని బోర్డు పిలిచింది. ఇంకా లోపలే ఉన్నాడు. మేం ఎనిమిది మందీ బయట మెట్ల మీద కూర్చున్నాం. అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంటికి పొమ్మని గుమాస్తా రెండుసార్లు చెప్పింది. పోవడం లేదు.

చివరి సంగతి. ఆ పాత ఉత్తరం చించేశానని కోచ్‌కి రాశావట. ఆట అయ్యాక నీ ట్రక్కులో కూర్చున్నాను కదా, ఎండకి అడ్డంగా దించే రేకు దించితే వెనకనుంచి ఒళ్ళో పడింది. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. నువ్వు కాఫీ తెస్తున్నావు. చదివేశాను.

దాన్ని రాసింది కోచ్. సరే. కాని నాన్న దాన్ని రెండుసార్లు విని, నేర్చుకుని, బాగుందని చెప్పి వెళ్ళాడు. కాబట్టి అది నాన్నదే. అందుకని జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు నా బూటులో ఉంది.

తిరిగి ఇవ్వను. కావాలంటే వచ్చి లాక్కో.

లేన్